అనంతపురం నుంచి విదేశీ చదువుకు: ఇక్కడే తెమల్చుకోవాల్సిన పనులు

పిల్లలు విదేశాలకు చదువుకు పోతున్న ఇంట్లో చివరి నెలంతా రెండే మాటలు వినిపిస్తాయి. సూట్‌కేసు ఎన్ని కిలోలుంది, ఊరగాయ కారుతుందా లేదా. ఆ రెండూ నిజంగా చివరి వారంలో చూసుకునే పనులు. ఏడాది ముందు మొదలుపెట్టాల్సిన పనులు వేరే ఉన్నాయి, అవి పెద్దగా కంటికి కనపడవు.

ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న వేసుకోండి: అక్కడికి పోయాక ఇది చేయగలమా? చలికోటు అక్కడ దొరుకుతుంది. కుక్కర్ కూడా దొరుకుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సరిచేయడం, ఇంటి లింకు డాక్యుమెంట్లు వెతకడం, యూనివర్సిటీ కౌంటర్ ముందు నిలబడటం మాత్రం ఇక్కడే జరగాలి. అలాంటి పనులనే ముందు చూద్దాం. నేను అనంతపురం లెక్కలో రాస్తున్నాను. కర్నూలు, కడప వాళ్లకు ఆఫీసులు మారతాయేమో కానీ వరస మారదు. ఆగస్టులో కోర్సు మొదలైతే, అంతకుముందు ఏడాది ఆగస్టుకే మొదటి పని మొదలుపెట్టండి.

ముందు పేరు, తర్వాతే పాస్‌పోర్టు

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమో, ఆధార్, పాన్ అన్నీ బల్ల మీద పరిచి పేరు ఒక్కో అక్షరం చదవండి. మన దగ్గర మామూలుగా కనపడేది ఇది: టెన్త్‌లో 'బి. నరేష్ కుమార్', ఆధార్‌లో 'బండి నరేష్ కుమార్', ఇంజనీరింగ్ మెమోలో 'నరేష్ కుమార్ బి'. ఊళ్లో ఎవరికీ దీంతో ఇబ్బంది లేదు. వీసా ఆఫీసు కంప్యూటరుకు మాత్రం వీళ్లు ముగ్గురు మనుషులు.

టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిపోయేలా మార్చుకోవడం సులువు. ఎందుకంటే టెన్త్ మెమోనే మార్చాలంటే చదివిన స్కూలు హెడ్‌మాస్టరు దగ్గర మొదలై బోర్డు దాకా కాగితం నడవాలి. తండ్రి పేరు, తల్లి పేరు స్పెల్లింగులు కూడా ఇప్పుడే చూడండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితం మొత్తంలో రెండుసార్లే ఉంటుంది, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి మీసేవలో తొందరపడి తప్పు స్పెల్లింగుతో ఒక అవకాశం పోగొట్టుకోకండి.

ఇక పాస్‌పోర్టు. దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. ఇనీషియల్స్ కుదరవు, విడమరిచి రాయాలి. చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు రెండో గడిలో రాసేస్తారు. ఆ పాస్‌పోర్టుతో అమెరికా వీసా తీసుకుంటే, పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత అక్కడి లైసెన్సులో, బ్యాంకు ఖాతాలో, జీతం చెక్కులో అదే వెంటాడుతుంది. ఇప్పటికే అలాంటి పాస్‌పోర్టు ఉంటే, యూనివర్సిటీలకు అప్లై చేయకముందే రీ-ఇష్యూ చేయించండి. అడ్మిషన్ వచ్చాక పేరు మారిస్తే అమెరికా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే అడ్మిషన్ పత్రం కూడా మార్పించుకోవాలి, అది ఇంకో తలనొప్పి.

పాస్‌పోర్టు కోసం విజయవాడ దాకా పోవాల్సిన పని లేదు. అనంతపురం, కర్నూలు, కడపల్లో పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. మామూలు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. పోలీసు వెరిఫికేషన్‌కు ఫోన్ వచ్చినప్పుడు మీరు బెంగళూరు హాస్టల్లో ఉంటే ఫైలు ఆగిపోతుంది, ఆ రోజుల్లో ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఇంగ్లీషు పరీక్షలు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీజీ ప్రవేశానికి రాసే జీఆర్ఈ లాంటివాటికి గుర్తింపు కార్డుగా పాస్‌పోర్టే అడుగుతారు కాబట్టి ఇది ముందు రాకపోతే తర్వాతి పనేదీ కదలదు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి, జీఆర్ఈ ఐదేళ్లు. అంటే జీఆర్ఈ ముందు రాసినా నష్టం లేదు, ఐఈఎల్‌టీఎస్ మరీ ముందు రాయొద్దు.

యూనివర్సిటీ కాగితాలు

జేఎన్‌టీయూ అనంతపురం పరిధి కాలేజీల్లో చదివినవాళ్లు, ఊరు కర్నూలైనా కడపైనా, ఏదో ఒకరోజు అనంతపురం క్యాంపస్ పరీక్షల విభాగం గడప తొక్కాల్సి వస్తుంది. సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ, ట్రాన్‌స్క్రిప్టులు (బయటి యూనివర్సిటీలకు పంపే మార్కుల పత్రాలు), ఈ నాలుగూ ఒకటి కాదు. అప్లై చేసేటప్పుడు కావాల్సింది ట్రాన్‌స్క్రిప్టులు. మీకు కావాల్సిన సెట్ల కంటే రెండు మూడు ఎక్కువే తీసుకోండి, సీల్ వేసిన కవర్లు విప్పకండి. ఇంగ్లీషు మీడియంలో చదివామనే సర్టిఫికెట్, బ్యాక్‌లాగ్స్ ఉంటే వాటి లెక్క చెప్పే సర్టిఫికెట్ కాలేజీ నుంచి అదే ఊపులో తెచ్చుకోండి.

ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, తీసుకోకుండా పీసీతోనే విమానం ఎక్కేవాళ్లు ఎక్కువ. అడ్మిషన్‌కు పీసీ సరిపోతుంది, నిజమే. కానీ చదువు అయిపోయి ఉద్యోగం వీసా దగ్గరికి వచ్చేసరికి ఒరిజినల్ అడుగుతారు. అప్పుడు అక్కడినుంచి ఆథరైజేషన్ లెటర్ పంపి, నాన్నను కౌంటర్ల చుట్టూ తిప్పాలి. అరవై ఏళ్ల మనిషికి ఆ శిక్ష ఎందుకు?

రికమెండేషన్ లెటర్లు రాసే సార్లను సెమిస్టర్ సెలవులకు ముందే పట్టుకోండి. చాలా యూనివర్సిటీలు లింకును సార్ ఈమెయిల్‌కే పంపుతాయి, కాలేజీ ఈమెయిల్ ఐడీ ఉంటే మంచిది. సార్ ఆ లింకు తెరిచారో లేదో కనుక్కోవడానికి మొహమాటపడొద్దు.

జర్మనీ అనుకుంటే ఇంకో మెట్టు ఉంది. 2022 నవంబరు నుంచి మన దేశపు విద్యార్థులు వీసాకు ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన మెమోలు అసలైనవేనా, అక్కడి చదువుకు సరిపోతాయా అని ఏపీఎస్ అనే జర్మన్ సంస్థ తేల్చి ఇచ్చే కాగితం ఇది. ఫీజు 18,000 రూపాయలు. దీనికి వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ కోసం ఎదురుచూడకుండా ముందే పంపేయండి.

డబ్బు: ఇల్లు ఎవరిది, కాగితాలు ఎక్కడ

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఎక్కువ సీట్లు పోయేది ఇక్కడే.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. "మాకు పదెకరాలుంది, బ్యాంకులో పెడితే లోన్ వస్తుంది" అంటారు. పంట రుణానికి ఆ భూమి పనికొస్తుంది. విదేశీ చదువు రుణానికి చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తనఖా కింద తీసుకోవు. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ అన్నీ ఫైల్లో పెట్టుకుని పోయి, మేనేజరు తల అడ్డంగా ఊపాక కానీ ఈ సంగతి తెలియదు. వాళ్లకు కావాల్సింది ఇల్లు, ఇంటి స్థలం, ఫ్లాటు, లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివి.

ఇల్లు ఉన్నా అది ఎక్కడుందన్నది పెద్ద ప్రశ్న. పల్లెలో తాతల నాటి ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది. దానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, ఇంటి పన్ను రసీదు తప్ప. అలాంటి ఇంటిని బ్యాంకు లాయరు ఒప్పుకోవడం కష్టం. అప్పుడు టౌన్లో ఇల్లున్న మేనమామో చిన్నాయనో గ్యారంటీగా నిలబడాలి. వాళ్లను అడిగేటప్పుడు "ఊరికే ఒక సంతకం" అని చెప్పకండి. అప్పు తీరేదాకా, అంటే పది పదిహేనేళ్లు పట్టినా, ఆ ఇంటి పత్రాలు బ్యాంకులోనే ఉంటాయి. రేపు వాళ్లింట్లో పెళ్లికి ఇల్లు అమ్మాలంటే కుదరదు. అత్తను కూడా కూర్చోబెట్టి ఈ మాట చెప్పి, ఒప్పుకుంటేనే ముందుకు పోండి. చెప్పకుండా సంతకం పెట్టించుకుని, తర్వాత పండగలకు కూడా పలకరింపులు లేకుండా పోయిన ఇళ్లు మన మధ్యనే ఉన్నాయి.

బ్యాంకుకు పోకముందు సిద్ధం చేయాల్సినవి: ప్రస్తుత దస్తావేజు, దాని వెనక ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదు, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను. ఈసీ ఎన్నేళ్లకు కావాలో బ్యాంకును అడిగి తీయించండి. కొందరు 13 ఏళ్లు అంటారు, కొందరు 30. ఇక్కడ తరచుగా చిక్కు పడేవి రెండు. తాత పేరు మీదున్న ఇల్లు భాగపంపకాలు కాకుండా అలాగే ఉండటం ఒకటి, ప్లానులో ఒక అంతస్తు ఉంటే కట్టింది రెండు కావడం మరొకటి. ఏదైనా తేలడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత బ్యాంకు ప్యానెల్ లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువ కట్టడం. ఈ ఖర్చులు మీవే.

తనఖా లేకుండా ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షల దాకా వస్తుంది. పేరున్న యూనివర్సిటీలకు కొన్ని బ్యాంకులు ఇంకా ఎక్కువ ఇస్తాయి. తనఖా అడగని ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు త్వరగా ఇస్తాయి, కానీ వడ్డీ ఎక్కువ, చదువుతున్నప్పుడే నెలనెలా కొంత కట్టమనేవి కూడా ఉన్నాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో కోర్సు కాలం, ఆపైన ఆరు నెలలో ఏడాదో వాయిదాలుండవు. వాయిదా లేదంటే వడ్డీ లేదని కాదు, అది పక్కన పెరుగుతూనే ఉంటుంది. వీలైనవాళ్లు ఆ వడ్డీ వరకైనా కడుతూ పోతే మంచిది. కట్టిన వడ్డీకి ఆదాయపు పన్ను పాత విధానంలో ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది.

ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే ఆలోచన మాత్రం మానుకోండి. పది లక్షలకు నెలకు ఇరవై వేలు, ఏడాదికి 2,40,000. రెండేళ్ల కోర్సు ముగిసేసరికి వడ్డీయే 4,80,000. ఆ రెండేళ్లలో మీకు సంపాదన ఉండదు, శెనక్కాయ పంట సంగతి వానకే తెలియాలి.

"పార్ట్‌టైమ్ చేసి తీర్చేస్తా" అనే లెక్క కాగితం మీద వేయొద్దు. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకానే పని. బయట పెట్రోలు బంకులోనో హోటల్లోనో చేతికి డబ్బు తీసుకుని చేస్తే వీసాకే ముప్పు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు టర్మ్ కాలంలో వారానికి 20 గంటలు, కెనడాలో 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు. ఆ డబ్బుతో తిండి, బస్సు గడిస్తే చాలనుకోండి. ఫీజు, అద్దె ఇక్కడినుంచి పోవాల్సిందేనని లెక్క వేయండి.

రూపాయి విలువకు కూడా కాస్త సందు వదలండి. 20,000 డాలర్ల ఫీజు ఉంటే, డాలరు ఐదు రూపాయలు పెరిగినా లక్ష రూపాయలు అదనం. లోన్ మంజూరు చేయించుకునేటప్పుడే దీన్ని కలిపి అడగండి, మధ్యలో పెంచమంటే మళ్లీ మొదటినుంచి.

వీసాకు చూపించాల్సిన డబ్బు దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, అక్కడికి పోయాక నెలకు 992 చొప్పున తీసుకోనిస్తారు. కెనడాకు ఫీజు, టికెట్టు కాక ఒక మనిషి జీవన ఖర్చుకు 2025 సెప్టెంబరు నుంచి 22,895 కెనడా డాలర్లు. బ్రిటన్‌కు అయితే చూపించే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. "ఫండ్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. దొంగ స్టేట్‌మెంట్ పట్టుబడితే పోయేది ఈ ఏడాది సీటు ఒక్కటే కాదు, ఆ దేశం గుమ్మమే ఏళ్ల తరబడి మూసుకుపోవచ్చు.

డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ గురించి, అంటే విదేశానికి పంపే సొమ్ము మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను గురించి భయపెడతారు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణం డబ్బుతో పంపే ఫీజుకు టీసీఎస్ లేదు. సొంత డబ్బైతే ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన దాని మీదే పట్టుకుంటారు, అదీ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. కాబట్టి పాన్ ఎవరిది ఇస్తున్నారో, వాళ్లు రిటర్న్ వేస్తారో లేదో చూసుకోండి.

ఎస్సీ కుటుంబాలకు, సంచార జాతులకు, భూమి లేని కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. సీట్లు తక్కువ, కానీ మన పిల్లలు దరఖాస్తు కూడా పెట్టకుండా వదిలేస్తున్నారు. ఆదాయ, కుల ధ్రువీకరణలు సచివాలయంలో ముందే తీసి ఉంచండి.

కన్సల్టెన్సీలు

ఫ్రీ కన్సల్టెన్సీ అంటే ఫీజు మీ దగ్గర తీసుకోరు, యూనివర్సిటీ దగ్గర కమీషన్ తీసుకుంటారు. కాబట్టి వాళ్లు చూపించే జాబితా వాళ్ల లాభం జాబితా కూడా. వద్దని నేననను. ఇంట్లో మొదటిసారి పోతున్నవాళ్లకు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. కానీ అప్లికేషన్లన్నీ మీ సొంత ఈమెయిల్‌తో, మీ సొంత పాస్‌వర్డ్‌తో ఉండాలి. ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం, మీరే రాయండి. పదిమందికి అతికించిన పేరాలతో రాసింది అడ్మిషన్ ఆఫీసులో ఇట్టే తెలిసిపోతుంది.

వీసా

అమెరికా వరస ఇది: ఐ-20 వచ్చాక 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, 185 డాలర్ల వీసా ఫీజు, వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు అధికారిక సైట్లో చూసి కట్టండి. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది, పాత బేగంపేట చిరునామా పట్టుకుని పోకండి. అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారి నేరుగా ఇంటర్వ్యూకు పోవద్దు, ముందురోజే చేరండి.

డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు వచ్చేవాళ్లు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా అడుగుతున్నారు. ఇన్‌స్టాలో సరదాగా తెరిచి మర్చిపోయిన రెండో ఖాతా కూడా లెక్కే.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. ఈ యూనివర్సిటీయే ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు, నాన్న ఏం చేస్తారు? ఇంతకంటే పెద్దగా ఉండదు. నాన్న సేద్యం చేస్తారంటే సేద్యమనే చెప్పండి, 'అగ్రి బిజినెస్' అని పెద్ద చేయకండి. బట్టీ పట్టిన ఇంగ్లీషు కంటే తడుముకుంటూ చెప్పిన సొంత మాట నయం. టెన్షన్ తగ్గాలంటే ఇంట్లో అద్దం ముందు కాకుండా, ఇంగ్లీషు వచ్చిన కొత్త మనిషి ముందు రెండుసార్లు మాట్లాడి చూడండి.

ఒళ్లు బాగు చేసుకుని పోవాలి

పళ్లు, కళ్లు ఇక్కడే చూపించుకోండి. అమెరికాలో విద్యార్థి బీమా చాలావాటిలో పళ్లు ఉండవు, ఒక రూట్ కెనాల్ బిల్లు చూసి ఇండియా టికెట్టు చవక అనిపిస్తుంది. కళ్లద్దాలు రెండు జతలు చేయించుకుని, నంబరు కాగితం ఫోన్లో ఫొటో తీసి ఉంచండి.

టీకాలకు కనీసం రెండు నెలలు ముందు మొదలుపెట్టాలి. అమెరికా యూనివర్సిటీలు ఎక్కువగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు అడుగుతాయి, వాటి మధ్య 28 రోజులైనా ఉండాలి. చిన్నప్పుడు ప్రభుత్వాసుపత్రిలో వేసిన తట్టు టీకాలో గవదబిళ్లల మందు ఉండదు, కాబట్టి "అప్పుడే వేశారు" అన్న మాట సరిపోదు. టీబీ పరీక్ష కూడా అడుగుతారు. మనకు పుట్టగానే టీబీ టీకా బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. యూనివర్సిటీ ఒప్పుకుంటే రక్త పరీక్షే చేయించుకోండి. బ్రిటన్‌కు ఆరు నెలలు మించి పోయేవాళ్లకు వీసాకు ముందే, వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే టీబీ పరీక్ష కావాలి. మీ వీధి ల్యాబ్ రిపోర్టు చెల్లదు.

రోజూ మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీ ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో రాయించుకుని, మందులు షాపు ప్యాకింగులోనే పెట్టుకోండి.

సంతకాలు, ఫోన్ నంబరు

ఎవరూ చెప్పని పని ఇది. బ్యాంకు మొత్తం లోన్ ఒకేసారి ఇవ్వదు, సెమిస్టర్‌కు ఇంతని విడుదల చేస్తుంది. రెండో సెమిస్టర్‌కు మీ సంతకం కావాలంటే మీరు టెక్సస్‌లో ఉంటారు. పోకముందే బ్రాంచిలో అడగండి: తర్వాతి విడతలకు ఈమెయిల్ సరిపోతుందా, నాన్న సంతకం సరిపోతుందా, పవర్ ఆఫ్ అటార్నీ కావాలా? కావాలంటే ఇక్కడ ఒక పూట పని. అక్కడినుంచి అయితే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కొరియర్లో పంపాలి.

చదువుకు పోయినవాళ్లను కూడా ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, ప్రవాసులుగానే చూస్తుంది. మీ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ, అంటే ప్రవాసుల ఖాతాగా మార్చమని బ్రాంచిలో అడగండి, ఫారం పోకముందే నింపితే తేలిక.

ఇండియా నంబరు బతికి ఉండాలి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, డిజిలాకర్ అన్నీ దాని మీదే నడుస్తాయి. 90 రోజులు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబరు పోవచ్చు, తర్వాత వేరే ఎవరికో ఇస్తారు. రోమింగ్‌లో ఎస్ఎంఎస్ వచ్చే ప్యాక్ వేసుకోండి, లేదా సిమ్ నాన్న ఫోన్లో రెండో స్లాటులో పెట్టి రీచార్జి బాధ్యత చెల్లెలికి అప్పగించండి. అమ్మకు వీడియో కాల్ ఎత్తడం నేర్పిన రోజే, ఓటీపీ ఎవరు అడిగినా, "మీ కొడుకు పోలీసు స్టేషన్లో ఉన్నాడు" అని ఎవరు ఫోన్ చేసినా, మీకు చేయకుండా ఏమీ ఇవ్వొద్దని కూడా నేర్పండి.

లైసెన్సు ఉంటే ఆర్టీఓ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. కారు నడపడం రాకపోతే ఈ వేసవిలోనే నేర్చుకోండి.

ఇప్పుడు సూట్‌కేసు

వంట రాకపోతే సూట్‌కేసుకన్నా ముందు వంట. అన్నం, పప్పు, ఒక కూర, చారు, ఉగ్గాని వస్తే చాలు, ఆకలితో పడుకోరు. ఒక నెలపాటు ఇంట్లో వారానికి రెండు పూటలు మీరే వండండి, అమ్మను వంటగదిలోకి రానివ్వకండి.

మిక్సీ అమెరికాకు, కెనడాకు మోయొద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ 230కి చేసింది, సరిగా తిరగదు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో వోల్టేజి సరిపోతుంది, ప్లగ్గే మారుతుంది. కుక్కర్ తీసుకుంటే ఇండక్షన్ మీద పనిచేసే స్టీలు అడుగు ఉన్నది తీసుకోండి. అక్కడ తాలింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తెరవాలి. ఎండుమిర్చి మాడిందంటే పొగ అలారం మోగి అపార్ట్‌మెంటంతా కిందికి దిగుతుంది.

శెనక్కాయ పొడి, కారప్పొడి, నిప్పట్లు, బొరుగులు, సీల్ చేయించిన ఊరగాయ చెక్-ఇన్ బ్యాగులో పోతాయి. క్యాబిన్‌లో ఊరగాయ డబ్బా పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి. నూనె శాతం ఎక్కువ, నిప్పు అంటుకునే వస్తువు కింద లెక్క, చెక్-ఇన్ బ్యాగులో అనుమతి లేదు. అవ్వ తెలియక చీర మడతల్లో దాచి పెడుతుంది, చివర్లో ఒకసారి చూసుకోండి. పచ్చి కరివేపాకు అమెరికా రానివ్వదు, నిమ్మ జాతి చెట్లకు తెగులు మోసుకొస్తుందని. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు బ్రిటన్‌కు, యూరప్ దేశాలకు కుదరవు. ఆస్ట్రేలియాకు పోతే తిండి వస్తువు ఏదున్నా కార్డులో రాసేయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పడేస్తారు, దాచి పట్టుబడితే జరిమానా.

బట్టలు తక్కువ, లోపల వేసుకునే థర్మల్స్ రెండు మూడు జతలు. పెద్ద చలికోటు అక్కడే కొనండి. మన ఎండలకు అలవాటు పడ్డ షాపుల్లో అమ్మే కోట్లు మైనస్ పదిలో ఆగవు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఐ-20 లేదా అడ్మిషన్ పత్రం, లోన్ మంజూరు లెటర్, టీకాల కాగితాలు భుజానికి తగిలించుకునే బ్యాగులో ఉండాలి, సూట్‌కేసులో ఎప్పుడూ వద్దు. పవర్ బ్యాంకు కూడా పైబ్యాగులోనే. విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్ల దాకానే తీసుకుపోవచ్చు. అంత కూడా అక్కర్లేదు, కొంత నగదు, మిగతాది ఫారెక్స్ కార్డులో.

బయలుదేరడం

అనంతపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం దగ్గర. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, చిక్కబళ్లాపురం దాటితే దేవనహళ్లి దగ్గరే వస్తుంది, బెంగళూరు ట్రాఫిక్‌లోకి దూరే పనే లేదు. కర్నూలు వాళ్లకు అదే హైవే మీద పైకి పోతే శంషాబాద్, అదీ హైదరాబాద్ ఊరు రాకముందే. కడప నుంచి చెన్నై, బెంగళూరు రెండూ అందుతాయి, టికెట్టు ధర చూసి ఎంచుకోండి. బెంగళూరులో విదేశీ విమానాలు రెండో టెర్మినల్ నుంచి. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు. రెండు బండ్ల బంధువులు వస్తే అందరూ బయటే నిలబడాలి, కాబట్టి దండాలు, కన్నీళ్లు ఇంటి దగ్గరే ముగించుకోవడం మంచిది. విమానానికి నాలుగు గంటల ముందు చేరండి.

అమెరికాకు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు రానివ్వరు, టికెట్టు కొనేముందు ఐ-20లో తేదీ చూడండి. దిగాక ఇమిగ్రేషన్ అధికారి అడిగినదానికే జవాబు.

అమెరికా చేరిన వారంలో చేయాల్సినవి మూడున్నాయి. ఐ-94 అనే ప్రవేశ రికార్డు ఆన్‌లైన్లో తీసి పేరు, వీసా రకం, గడువు సరిగ్గా ఉన్నాయో చూడాలి. గడువు దగ్గర డీ/ఎస్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, స్టూడెంట్‌గా ఉన్నంతకాలం అని దాని అర్థం. తర్వాత యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో రిపోర్టు చేయాలి, కోర్సు మొదలైన 30 రోజుల్లో మీ రిజిస్ట్రేషన్ సెవిస్‌లో నమోదు కాకపోతే హోదా పోతుంది. మూడోది, అక్కడి చిరునామా, ఫోన్ నంబరు లోన్ ఇచ్చిన బ్రాంచికి ఈమెయిల్ చేయడం. రెండో సెమిస్టర్ ఫీజు ఇన్‌వాయిస్ వచ్చిన రోజే మార్కుల కాగితంతో కలిపి బ్రాంచికి పంపండి, నాన్నను కూడా అదే వారం ఒకసారి మేనేజరు దగ్గరికి పొమ్మనండి. గడువుకు నెల ముందు కదిలితేనే ఆ డబ్బు టైముకు అందుతుంది.